నల్ల పిడి చాకు

ఏట్రా బన్నీ, పొద్దున్నించీ ఆ రెండిటినీ ముందరేసుకుని జాతకాలు కలిపే పంతుల్లాగ కూకున్నావు? తినడానికి రావేటి? అన్నం వార్చీసి గంటయింది. చాకులా? ఏదీ, ఇలా తే, మీ నానమ్మనీ చూడనీ. కింద పెట్టీసావా, సరేలే, కిందనించే తీసుకుంటాను, మోకాళ్లు వంగకపోతే మాత్రం ఏటి. అబ్బ, ఈ నల్లది బొత్తిగా బరువే లేదురా. ఎంతన్నావు, అరవై గ్రాములా? అంటే ఒక కోడిగుడ్డంత. మరి ఈ స్టీలుది? నూట ఇరవై. రెండు గుడ్లు. ఒక గుడ్డుకీ రెండు గుడ్లకీ మధ్యన ఇన్ని మల్లగుల్లాలు పడతన్నావా? రెండూ మడత చాకులే, రెండూ జేబులో పట్టేవే. నవ్వకు. నవ్వకుండా మీ నాన్న ఏటన్నాడో చెప్పు. బరువున్నదే తీసుకో అన్నాడా? అంటాడు. తేలిక సరుకుని నమ్ముకునే మా నాన్న పోయాడు అనుంటాడు. అన్నాడా? ఊఁ. నాకు తెలుసు. ఇదిగో చూడు, రేపు పొద్దున్న నువ్వు హాడో రేవులో ఓడెక్కి పనిలో చేరతావు. డెక్కు మీద తాళ్ల పని. మీ నాన్న మాట పట్టుకుని ఆ స్టీలుది తీసుకున్నావనుకో, రాసిచ్చీస్తాను, నెల తిరక్కుండా అది నీ పెట్టెలో ఉంటాది, నువ్వు డెక్కు మీదుంటావు. నిన్న రాత్రి నాకు కునుకు పట్టలేదు. మీ నాన్నకి ఎవరూ నిజం చెప్పలేదురా. ఎవరూ అంటే, నేనే చెప్పలేదు. చెప్తాను, ఆగు. ముందు ఆ తలుపు దగ్గర నా సంచీ ఉందో లేదో చూడు. ఉందా. మీ అమ్మ ఊడ్చినప్పుడల్లా లోపల పెట్టీస్తాది. అది గుమ్మం దగ్గరే ఉండాలని ఎన్నిసార్లు చెప్పినా అంతే. మందులు, టార్చి, ఒక చీర, కార్డులు. సునామీ అయినకాణ్ణించీ అక్కడే ఉంది, నేను పోయేదాకా అక్కడే ఉంటాది.

మీ తాతని నువ్వెరగవు. చూసావులే, మీ అమ్మానాన్నా అప్పుడుండే రంగత్ నించి మీ అమ్మ ఎత్తుకొచ్చినప్పుడు ఆయన భుజమ్మీద ఉచ్చ పోసావు, అదే మీ ఇద్దరి పరిచయం. పొడగరి కాదు, బలశాలీ కాదు, చేతులు మాత్రం, ఓలమ్మ, కొబ్బరిపీచులాగుండేవి. హాడోలో కళాసీ. ఓడ వస్తే దాని తాళ్లందుకుని జెట్టీ మీద ఇనప దిమ్మలకి చుట్టడం, పోయేటప్పుడు విప్పడం. పనిలో పులి. అదే ఒక వస్తువు ఎంచుకోమంటే మాత్రం, నా తండ్రే, గొడుగు కొనడానికి మూడాదివారాలు పట్టింది. ఆ మూడాదివారాలూ వానే. నన్ను చేసుకోడానికైనా ఇంత ఆలోచించావా మావా అంటే, అది మా యమ్మ ఎంచింది, నాకేటి సంబంధం అనీవాడు. అలాంటి మనిషికి చాకు కొనాలని బుద్ధి పుట్టింది. సునామీకి ముందు ఏడాది, వానాకాలం. ఇదిగో, మన గోల్ ఘర్ బజార్లోనే, ఇప్పుడు ఫోన్లు బాగుచేసే షాపుందే, అక్కడ గణేశ్వరరావు గారి ఇనప సామాన్ల షాపు ఉండేది. విజయనగరం వాళ్లు. తండ్రి కాలంనాటి షాపు. నువ్వు చూసుంటావు, తెల్ల మీసాలాయన, నువ్వు చిన్నప్పుడు అయస్కాంతం ముక్క ఇచ్చాడు నీకు. ఆ, ఆయనే.

ఆయన దగ్గర రెండు రకాలుండేవి. ఒకటి కర్ర పిడి, కొసలకి ఇత్తడి. పట్టుకుంటే చెయ్యి నిండేది. చూడ్డానికి కూడా ఎంత ముచ్చటగా ఉండేదో. రెండోది నల్ల ప్లాస్టిక్ పిడి, చూస్తే పిల్లలాడుకునే బొమ్మనుకుంటావు. అచ్చం నీ అరవై గ్రాములదే. మీ తాత రోజూ డ్యూటీ దిగి షాపుకెల్లడం, రెండూ తెరవడం, రెండూ మూయడం. ఒకదాన్ని కుడిజేబులో, ఒకదాన్ని ఎడమజేబులో ఏసుకుని షాపంతా నడవడం. గొంతిక్కూచోడం, లెగడం. చెయ్యి నీళ్ల బక్కెట్లో ముంచి తడిచేత్తో తెరవడం. జెట్టీ నించి తాడుముక్క పట్టుకెల్లి కోసి చూడ్డం. షాపుకొచ్చినోళ్లు మేకులు కొనడం మానీసి ఈయన తమాషా చూసీవోరట. చివరికి గణేశ్వరరావు గారు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. ‘లక్ష్ముడు భయ్యా, ఇది పెళ్లిచూపులు కాదు, చాకు. దుకాణ్ బంద్ కర్నా హై. రెండూ పట్టుకెల్లు. ఒక వారం ఇది తిప్పు, ఒక వారం అది తిప్పు. నచ్చింది ఉంచుకో, నచ్చనిది తెచ్చీ.’ పేరు నేననలేదు, ఆయనన్న మాట చెప్పాను. ఆ పేరు నా నోట రాదు, ఇప్పటికీ రాదు.

మొదటి వారం కర్ర పిడిది. సోమవారం ఏసుకెల్లాడు, మంగళవారం ఏసుకెల్లాడు. పంట్లాం ఒక పక్కకి జారిపోయీది. వంగితే తొడకి గుచ్చుకునీది. లాక్ కూడా లేదు దానికి, ఒట్టి స్ప్రింగు, ఏమరుపాటున ఉంటే వేళ్ల మీదకే మూసుకుంటాది. బుధవారం పొద్దున్న, ఈ ఒక్కరోజుకేలే అనీసి కిటికీ గట్టు మీద పెట్టి ఎల్లిపోయాడు. ఆ రోజే చెన్నై ఓడొచ్చింది. పెద్ద తాడుకి ముందు సన్న తాడు విసురుతారు చూడు, దాన్ని లాగితే పెద్దది వస్తాది. ఆ సన్న తాడు మన పక్కింటి దేవప్రసాద్ మణికట్టుకి మెలిక పడిపోయింది. ఓడ అటు జరిగింది, తాడు బిగిసిపోయింది, మనిషిని ఇనప దిమ్మ మీదకి ఈడ్చీస్తాంది. మీ తాత జేబు తట్టుకున్నాడు. ఏటుంది జేబులో? బీడీకట్ట. ఎవరో బెంగాలీ ముసలాయన మెళ్లో తాడుకి బొటనవేలంత చాకు కట్టుకునుంటే అది తీసి టకామని కోసాడు కాబట్టి దేవప్రసాద్ కి చెయ్యి మిగిలింది. మణికట్టు చుట్టూ మచ్చ పడింది, గాజు తొడిగినట్టు. ఆ సాయంత్రం మీ తాత అన్నం ముట్టలేదు. ఆ కిటికీ గట్టు కేసే చూస్తా కూకున్నాడు. నేను భయపడి ఏటి మావా అంటే, ‘ఒలే, జేబులో ఉన్నదే చాకు. ఇంట్లో ఉన్నది వంటసామాను’ అన్నాడు. మర్నాడు కర్ర పిడిది తీసుకెల్లి షాపులో ఇచ్చీసాడు. రెండోదాన్ని వారం తిప్పి చూడనేలేదు, నల్లదే ఉంచుకున్నాడు. జన్మలో ఆయన బేగి తేల్చిన బేరం అదొక్కటే.

ఆ తర్వాత ఇంక ఆ నల్లది ఆయన ఒంట్లో ఒక ఎముక. డ్యూటీకి పంట్లాం జేబులో, ఇంట్లో ఉంటే లుంగీ మడతలో, పెళ్లికెల్తే చొక్కా జేబులో. మామిడికాయ కోయాలన్నా అదే, చేప మొప్పలు తీయాలన్నా అదే. తెగిపోయిన నా చెప్పుకి తోలుముక్క కత్తిరించింది కూడా దాంతోనే. ఇంత చిన్నదాంతో ఏటి మావా అంటే గోటితో పోయేదానికి గొడ్డలెందుకే అనీవాడు. నాకు కూడా నేర్పాడు. బొటనవేలితో ఇలా తోస్తే తెరుచుకుంటాది, టక్కుమని లాక్ పడుతాది, మూయాలంటే ఈ పట్టీ నొక్కాలి, వేలు అడ్డం పెట్టకు. నాకు భయం, వణుకుతా నేర్చుకున్నాను. తాళ్ల మధ్యన బతికేవాడి పెళ్లానికి ఇది రావాలి అనీవాడు.

అయితే ఒకటి. ఆ చాకు ఏనాడూ ఆయన నా చేతికియ్యలేదు, నేనూ ఆయన చేతికియ్యలేదు. ఆయన కింద పెడితే నేను తీసుకోవాలి, నేను కింద పెడితే ఆయన తీసుకోవాలి. ఉప్పు, మిరపకాయ, కత్తి, ఈ మూడూ చేతికియ్యకూడదు, ఇస్తే ఇద్దరికీ చెడుతాది. నీకు తెలుసు కదేటి, నువ్వూ ఇందాక కిందే పెట్టావు. నాకిది ఊరికే రాలేదురా. పెళ్లై కాపురానికొచ్చిన నెల, మా తోడికోడలు కూర తరుగుతా కత్తి అందియ్యవే అంటే చేతికిచ్చీసాను. పదిహేడేళ్లు నాకు. సాయంత్రానికి అన్నదమ్ములిద్దరికీ ఏదో మాట మీద మాట వచ్చింది. ఆ గొడవ ఎన్నాళ్లగానో నానుతున్నదే, కత్తికీ దానికీ ఏ సంబంధం లేదు. వారం తిరిగేసరికి వేరు పొయ్యిలు పెట్టీసారు. ఇంక చూడు మా అత్త కాళమ్మ. పేరుకి తగ్గ మనిషే. ‘కత్తి చేతికిచ్చి నా కొంపని రెండు ముక్కలు కోసీసిందమ్మా ఈ అప్పలకొండ!’ అని వీధిలో నిలబడి కేకలు. ఆ తర్వాత నా చేతిలో కత్తి ఎప్పుడు కనపడినా గరిటె కాడతో మణికట్టు మీద ఒకటి ఇచ్చీది, ‘కింద పెట్టు, కింద!’ అనీసి. నాలుగేళ్లు తిన్నాను ఆ దెబ్బలు. ఆవిడ పోయినా నా చెయ్యి మర్చిపోలేదు. నేను మర్చిపోయినా నా చెయ్యి మర్చిపోదు.

ఫ్యాను ఊగిందేటి? నువ్వు ఆ తీగకి తగిలావా. తగిలావా లేదా సరిగ్గా చెప్పు. సరే. కాసేపు చూద్దాం. లేదు, ఊగడం లేదు. నువ్వేమో ఊగితే ఊగింది దాదీ అని ఫోను చూసుకుంటావు. ఈ దీవుల్లో భూమి ఊరికే ఉండదురా నాయినా.

ఆ ఆదివారం. ముందురోజు క్రిస్మస్. దేవప్రసాద్ భార్య సారా ఉంది కదా, పండక్కి అరిసెలు, కజ్జికాయలు, కేకు ముక్కలు ఒక అట్టపెట్టెలో సర్ది, పురికొసతో కట్టి పంపించింది. ఆ పిల్ల ముడి ఏస్తే దేవుడే విప్పాలి. పొద్దున్న ఆరున్నరయింది. మీ తాత టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో కూకున్నాడు. ముడి రావట్లేదు, ఆ చాకిలా ఇయ్యి మావా అన్నాను. తీసి గచ్చు మీద పెట్టాడు. నేను తీసుకుని పురికొస కోసాను, కోసానో లేదో భూమి కదిలింది. కదలడం కాదురా, క్వార్టరు మొత్తాన్ని జల్లెడ పట్టినట్టు పట్టింది. గిన్నెలన్నీ నెత్తి మీద. ఆయన నా రెక్క పట్టుకుని బయటికి ఈడ్చాడు. చాకు నా చేతిలోనే ఉంది, ఎప్పుడు మూసానో ఎప్పుడు బొడ్లో దోపుకున్నానో నాకు తెలీదు. బయట అందరూ రామా అనీవాళ్లు రామా అంటన్నారు, ప్రభువా అనీవాళ్లు ప్రభువా అంటన్నారు. ఆగింది. ఆగిపోయింది కదాని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఈయనకి మాత్రం డోంగీ గుర్తొచ్చింది. క్వార్టర్ల వెనక ఖాడీ ఉండీది, సముద్రం పాయ, అందులో కట్టుకునీవాడు తన చిన్న డోంగీ పడవ. ఆదివారాలు చేపలకెల్లడానికి. ‘రాత్రి తాడు పొట్టిగా కట్టానే. నీళ్లు అటూ ఇటూ అయితే గుంజీస్తాది, ఎల్లి పొడుగు చేసొస్తాను’ అన్నాడు. వద్దు మావా అన్నాను. అన్నానో, మనసులో అనుకున్నానో. వెనకాల నేనూ లగెత్తాను.

ఎల్లి చూస్తే ఖాడీలో నీళ్లు లేవు. బురద. చేపలు కొట్టుకుంటన్నాయి. డోంగీలన్నీ పక్కకి ఒరిగి పడున్నాయి. మీ తాత ఒక్క నిమిషం నిలబడిపోయాడు. ‘ఇదేటి, ఇది పోటు వేళ కదే’ అన్నాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కనపడుతాది. సముద్రం ఎరిగినవాడు సముద్రానికి భయపడితే ఎలాగుంటాదో అప్పుడు చూసాను. ‘మంచిది కాదిది, నువ్వు ఇంటికెల్లు’ అనీసి తను మాత్రం డోంగీలోకి దిగాడు. నేనెల్లలేదు. చెక్కల గట్టుండీది దిగడానికి, దాని మీద నిలబడ్డాను. ముక్కు దగ్గర తాడు తడిసి బిగిసిపోయింది, ముడి రావడం లేదు. ఇంతలో నీళ్లొచ్చీసాయి. నువ్వు టీవీలో చూసినట్టు కాదురా, లెగిసి మీద పడలేదు. పాలు పొంగినట్టు పొంగాయి, చప్పుడు లేకుండా. చూస్తండగానే నా పాదాలు, నా పిక్కలు. డోంగీ పైకి లెగిసింది, తాడు పొట్టిది కదా, ముక్కు పట్టి కిందకి గుంజింది. కింద చుట్టగా పడున్న తాడు ఆయన చీలమండకి మెలిక పడిపోయింది. అచ్చం దేవప్రసాద్ కి చేతికి పడినట్టే. ఆయన లుంగీ మడత తట్టుకున్నాడు. మడతలో లేదు. అప్పుడు నా కేసి చూసాడు.

నీళ్లియ్యి కొంచెం. కాదు, ఆ చెంబులోవి. ఊఁ.

‘ఒలే, చాకు! చేతికియ్యి, చేతికి!’ అన్నాడు. విన్నాను, రెండుసార్లు అన్నాడు. బొడ్లోంచి తీసాను. వణకలేదురా, ఆయన నేర్పినట్టే బొటనవేలితో తోసాను, తెరుచుకుంది, టక్కుమని లాక్ పడింది. ఆయన చెయ్యి చాపాడు. జానెడు దూరం. ఆ వేళ్లు నాకు తగలబోయాయి. నా చెయ్యి ఎల్లి ఆ చాకుని చెక్క గట్టు మీద పెట్టీసింది. ఆయనకీ నాకూ మధ్యన. గట్టు మీద నీళ్లు పారుతున్నాయి కదా, ఎక్కడ పెట్టాను నేను? నీళ్ల మీద పెట్టాను. అది అలా జారి, ఒకసారి మెరిసి, ఎల్లిపోయింది. ఆయన దాన్ని చూసాడు. నన్ను చూసాడు. తిట్టలేదు. తిట్టీసుంటే బాగుండు, ఈ ఇరవై ఏళ్లూ ఆ తిట్టైనా తలుచుకునీదాన్ని. ‘పైకెల్లే! పైకెల్లిపో!’ అన్నాడు, అంతే. రెండోసారి పొంగింది. అప్పుడెక్కణ్ణించి లగెత్తుకొచ్చాడో, నన్ను దేవప్రసాద్ జుట్టు పట్టి ఒడ్డు మీదకి లాగాడు. సాయంత్రం మడ చెట్లలో దొరికాడు మీ తాత. తాడు ఇంకా కాలికే ఉంది.

చాకిచ్చుంటే బతికీవాడో లేదో నాకు తెలీదు. అంత నీళ్లు, అంత బిగిసిన తాడు, తెగేదో తెగకపోయేదో. ఆ లెక్క నేను వెయ్యిసార్లు ఏసాను, ఒక్కోరోజు ఒక్కోలా వస్తాది. కానీ నేనియ్యలేదు. అదొక్కటి మారదు.

మూడో రోజు నీళ్లు తీసాక దేవప్రసాద్ కి ఆ చాకు బురదలో దొరికింది. తెరిచే ఉంది. పాపం ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మీ నాన్నతో అన్నాడు, అప్పటికి మీ నాన్న రంగత్ నించి బస్సులు లేక ఏ లారీలో పడో వచ్చాడు. ‘సుభాషూ, చాకు తెరిచాడురా మీ నాన్న, తాడు మీద గీతైనా పడలేదు. పిడి జారిపోయుంటాది. తేలిక సరుకు, తడిచేతిలో నిలవలేదు. ఆ కర్ర పిడిది ఉంచుకునుంటే మనిషి దక్కీవాడు.’ నేను పక్కనే కూకున్నాను. స్కూల్లో క్యాంపు పెట్టారు మాకు, బెంచీలు జరిపి. అందరూ నా కేసి జాలిగా చూస్తన్నారు. అవును అనలేదు, కాదు అనలేదు. ఏడుస్తన్న మనిషిని ఎవరూ ఏమీ అడగరు కదా. ఆ రోజు ఊరుకున్నాను, మర్నాడు చెప్పడం ఇంకా కష్టమైంది. నెల తర్వాత చెప్దామంటే నెల్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారు. అలా అలా ఇరవై ఏళ్లు దాటిపోయింది. మీ నాన్న ఆ మాటే నమ్మాడు. ఇంట్లో తేలిక వస్తువేదీ కొననివ్వడు, చూసావా? ఆ ఇనప మంచాలు, ఆ ఇత్తడి బిందె. మీ అమ్మ మోజు కాదు, మీ నాన్న భయం అది.

ఇంకొకాయనున్నాడు. క్యాంపుకి గణేశ్వరరావు గారొచ్చాడు, దుప్పట్లు పట్టుకుని. నా ముందర కింద కూకున్నాడు, అంత పెద్దమనిషి. ‘అప్పలకొండ దీదీ, నేనిచ్చిన చాకే. నేనే పట్టుకెల్లమన్నాను’ అనీసి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడిచాడు. ఆ రోజైనా నోరు తెరవాలా వద్దా? ఒక్క మాట. కాదు బాబూ, నీ చాకు మంచిదే, నా చెయ్యే చెడ్డది అని. నేనేటి చేసానో తెలుసా? టీ తాగుతారా అని అడిగాను. ఆ తర్వాత ఆయన షాపులో చాకులు అమ్మడమే మానీసాడు. ఎవరైనా అడిగితే లేవు అనీవాడు. నేను ఆ షాపు ముందునించి ఎన్నిసార్లు ఎల్లానో, చేతులు జోడించీవాడు నన్ను చూసి. నేను తల వంచుకుని ఎల్లిపోయీదాన్ని, అందరూ భర్త పోయిన దుఃఖం అనుకునీవోరు. మొన్న వానల్లో పోయాడు కదా ఆయన. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ మర్నాడు వాళ్లింటికెల్లాను. ఫొటోకి చెప్తే ఏటొస్తాది. ఆయన భార్య టీ తాగుతారా అని అడిగింది.

ఆ సంచీ ఇలా తే. చీర తీయి, ఆ అడుగున, రుమాల్లో. అదే. నాకు తెలుసు నువ్వు ఇలా నోరు తెరుస్తావని. ఏడాదికోసారి కొబ్బరినూనె రాస్తాను. తెరువు. బొటనవేలితో. ఆఁ, విన్నావా టక్కుమని? లాక్ విరిగిందా? పిడి పగిలిందా? తడిచేత్తో పట్టుకుని చూడు, జారుతాదేమో. దానికేమీ అవలేదురా. దాన్ననకండి. నన్ననండి. మీ నాన్నకి నేనే చెప్తాను, రాత్రి భోజనాల దగ్గర, నీ ముందే చెప్తాను. చెప్పకపోతే నువ్వు గుర్తు చెయ్యి. కాదు, నేనే చెప్తాను. మూసీ దాన్ని, రుమాల్లో పెట్టు.

ఆ స్టీలుది అవతల పెట్టు, కూరలు తరగడానికి మీ అమ్మకి ఉంటాది. నువ్వు నీ కొత్త నల్లదే పట్టుకెల్లు. రోజూ జేబులో ఉండాలి, నిద్రలో కూడా. సరే అంటే చాలదు. ఇటు తిరుగు. చెయ్యి చాపు. ఎందుకా, చాపమంటన్నాను. వెనక్కి తీసుకోకు, ఇదిగో పిడి నీ వైపే ఉంది, నా వేళ్లు వెనక ఉన్నాయి. పట్టుకో. పట్టుకున్నావా? గట్టిగా. చూసావా, ఏమీ అవలేదు. కొంప రెండు ముక్కలవలేదు. మీ ముత్తవ్వ పైనించి గరిటె పట్టుకుని దిగలేదు. ఇప్పుడు నువ్వు నాకియ్యి. చేతికి. మీ నానమ్మ నీళ్లలో ఉందనుకో, తాడు కాలికుందనుకో, చాకు చాకు అంటన్నాననుకో. ఇయ్యి.

చూసావా. కింద పెట్టీసావు.

తియ్యి. అన్నం సల్లారితే మళ్లీ వేడి చేస్తాను, కూకో. నా చెయ్యి ఇక్కడుంది. మళ్లీ ఇయ్యి.